పలక ముందా, చెయ్యి ముందా?

ఒక వస్తువును చేయబూనినవాడు మొదట దేనిని చూడవలె? వస్తువునా, దానిని వాడబోయే మనిషినా? వినడానికి ఇది తర్కశాస్త్రపు తరగతిలో వేసే ప్రశ్నవలె ఉన్నది. కాని ఈ ఏడు మా కళాశాలలో ఈ ప్రశ్న ఒక చెక్కపెట్టె రూపంలో మా ఎదుట నిలిచింది. దీనికి సమాధానం చెప్పకుండా తప్పించుకొనడం అధ్యాపకులకు గాని, కమిటీ పెద్దలకు గాని, ఆ పెట్టెను చేసిన విద్యార్థులకు గాని తగదని భావించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. తెలుగు పాఠం చెప్పుకొనేవారికి చెక్క సంగతి, తీగ సంగతి ఎందుకని కొందరు నవ్వవచ్చు. మాట అయినా, మీట అయినా ఎదుటివానికి అందినప్పుడే సార్థకమవుతుందని మా నమ్మకం.

సంగతి అందరూ ఎరిగినదే. బి.ఎస్సీ. విద్యార్థులు కొందరు సెలవు దినాలలో కూడి వీడియో ఆటల పెట్టె నొకదానిని స్వయంగా తయారు చేశారు. ప్లైవుడ్ నాయుడుపేట బజారులో కొన్నది. తెర, ఎవరో మార్చివేసిన పాత మానిటరు. లోపల మెదడుగా పనిచేసేది రాస్ప్‌బెర్రీ పై అనే, అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటరు. అది 2012లో ఇంగ్లండులో, పిల్లలకు కంప్యూటరు విద్య చవకగా అందాలన్న ఆశయంతో వెలువడినది. తెర క్రింద, నిలబడినవాని చేతులకు అందే చోట ఏటవాలుగా అమర్చిన ఒక పలక. ఎడమ వైపున జాయ్‌స్టిక్ అనే కడ్డీ, కుడి వైపున రెండు వరుసలలో ఆరు మీటలు. దానినే కంట్రోల్ ప్యానెల్ అంటారు. మేము మీటల పలక అందాము. మా వ్యాసమంతా ఆ పలకను గురించియే.

ముందుగా పెద్దల ఆక్షేపణను గౌరవంతో ప్రస్తావించాలి. “చదువుకొనే చోట ఈ ఆటపెట్టె ఏమిటి?” అని కమిటీలో ఒకరు అన్నారు. ఆ మాటలో కోపం కంటె భయం ఎక్కువగా వినిపించింది. ఆ భయానికి కారణం లేకపోలేదు. మా బాల్యంలో పట్టణాలలోని వీడియో గేమ్ పార్లర్లలో రూపాయి బిళ్ళ వెనుక రూపాయి బిళ్ళ పోసి, బడి ఎగగొట్టి నిలబడిన పిల్లలను మేమూ చూశాము. కాని ఆ యంత్రానికీ ఈ పెట్టెకూ ఒక ముఖ్యమైన భేదం కలదు. అక్కడ పిల్లవాడు బిళ్ళ వేసేవాడు మాత్రమే. ఇక్కడ వాడు చేసేవాడు. చెక్క కొలవడం, తీగ అతకడం, ప్రోగ్రాం వ్రాయడం, చేసినది పాడయితే విప్పి చూడడం నేర్చుకొన్నాడు. ఉర్దూలో హునర్ అంటారే, దానిని పరీక్షపత్రం ఎప్పుడూ పూర్తిగా కొలవలేదు. కనుక పెట్టె ఉండవలెననే మా అభిప్రాయం. అయితే ఇప్పుడున్న పలకతో కాదు. ఎందుచేతనో చెబుతాము.

వార్షికోత్సవం నాడు పెట్టె ముందు పెద్ద వరుస ఏర్పడింది. ఆ వరుసలో నిలబడి, తన వంతు వచ్చేసరికి పక్కకు తప్పుకొన్న విద్యార్థి ఒకడున్నాడు. వడ్రంగుల ఇంటి పిల్లవాడు. పెట్టెకు చెక్కలు కోసినది, అంచులకు చిత్రిక పట్టినది, మీటలకు రంధ్రాలు తొలిచినది అతడే. కొన్నేళ్ళ క్రిందట చెక్క చదును చేసే యంత్రంలో పడి అతని కుడిచేతి చూపుడు వేలు, నడిమి వేలు పోయాయి. మిగిలిన వేళ్ళతో, అరచేతితో అతడు రంపం పట్టగలడు, ఉలి పట్టగలడు. కాని రెండు వరుసల ఆరు మీటలను వెంటవెంటనే నొక్కడానికి ఆ చెయ్యి చాలదు. మీటలన్నీ కుడి వైపునే ఉన్నాయి. “నువ్వు ఆడవేమిరా?” అని మేము అడిగితే, “నేను రోజూ చూస్తున్నదే కదా సార్” అని నవ్వి, వెనుక ఉన్న జూనియరును ముందుకు తోశాడు.

ఆ నవ్వు మమ్మల్ని చాలా రోజులు వెంటాడింది. తాను తొలిచిన రంధ్రాలలో కూర్చున్న మీటలు తన చేతికే అందలేదు. ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు. తోటివారు అతనిని ప్రాణంగా చూసుకొనేవారే. వారు పలకను ఇంటర్నెట్‌లో దొరికిన ఒక నమూనా చూసి గీశారు. నమూనాను చూశారు గాని, పక్కనే కూర్చుని కొలతలు గీస్తున్న చేతిని చూడలేదు. లోకంలో జరిగే అన్యాయాలలో సగం ఇట్లాగే, ఎవరికీ చెడు తలపు లేకుండానే జరుగుతున్నాయని మాకు తోచింది.

“కడ్డీ ఎడమకు, మీటలు కుడికి; అది రూలు సార్” అని విద్యార్థులు మాతో వాదించారు. అది రూలేనా? ఈ ఆటల చరిత్రను కొంచెం తిరగవేసి చూద్దాము. 1979లో వచ్చిన ఆస్టరాయిడ్స్ అనే ఆటకు కడ్డీయే లేదు. అయిదు మీటలు మాత్రమే. 1980లో జపానులో వెలువడి ప్రపంచమంతా తిరిగిన ప్యాక్‌మ్యాన్‌కు ఆడే మీట ఒక్కటీ లేదు; పలక నడుమ ఒకే కడ్డీ, ఏ చేతితోనైనా పట్టుకోవచ్చు. 1981 నాటి డాంకీకాంగ్‌లో కడ్డీ ఎడమకు, గెంతే మీట కుడికి వచ్చాయి. అదే కాలపు డిఫెండర్‌లో కడ్డీతో పాటు అయిదు మీటలు పెట్టగా, కొత్తగా ఆడేవారికి తలతిరిగిపోయింది. 1991లో స్ట్రీట్ ఫైటర్ రెండవ భాగం వచ్చి, మూడేసి చొప్పున రెండు వరుసల ఆరు మీటలను వ్యాప్తిలోకి తెచ్చింది. మన విద్యార్థులు గీసినది దాని సంతతియే. అనగా ఏ పలకయైనా ఒక ఆట కొరకు, ఒక కాలంలో, కొందరు మనుషులు చేసిన నిర్ణయం. వారికి అవసరమైనట్లు వారు పెట్టుకొన్నారు. మనకు అవసరమైనట్లు మనం పెట్టుకొనకూడదని ఏ శాస్త్రంలో ఉన్నది?

మీటల పలక అంటే ఏమిటో మా ఊరివారికి వేరుగా చెప్పనక్కరలేదు. శ్రీహరికోట మాకు దూరం కాదు. రాకెట్టు ఎగిరే రోజున మిద్దెలెక్కి, ఆకాశంలో నిప్పుల తోకను చూసి పిల్లలతో పాటు పెద్దలమూ కేకలు వేస్తాము. ఆ నిప్పు మనకు కనిపిస్తుంది గాని, దాని వెనుక బల్లల ముందు కూర్చున్న మనుషులూ వారి ముందున్న మీటలూ కనిపించవు. యంత్రం ఎంత పెద్దదైనా దానిలోకి మనిషి ప్రవేశించే వాకిలి ఆ పలకయే. వాకిలి ఇరుకైతే ఇల్లు ఎంత విశాలమైనా ప్రయోజనమేమి?

వాకిలిని మనిషికి తగినట్లు కట్టడం ఎట్లాగో నేర్చుకొనడానికి దూరదేశం పోనక్కరలేదు. హైదరాబాదులో 1967లో నెలకొన్న ఇ.సి.ఐ.ఎల్. సంస్థకు, ఓటు వేసే యంత్రాన్ని రూపొందించే పని 1977లో ఎన్నికల సంఘం అప్పగించింది. 1979లో నమూనా తయారయింది. 1982లో కేరళలోని పరవూరు నియోజకవర్గంలో 50 పోలింగు కేంద్రాలలో ఓటు యంత్రాన్ని మొదటిసారి వాడారు. ఓటరు ముందుండే ఆ యంత్రపు పలకను ఒకసారి మనసుకు తెచ్చుకోండి. ఒక్కొక్క పలకపై నిలువుగా ఒకే వరుసలో 16 మీటలు. ప్రతి మీట ఎదుట పేరు, పేరు పక్కన గుర్తు. అక్షరం రాని ముసలమ్మకు గుర్తు దారి చూపుతుంది. నొక్కిన మీట ఎదుట ఎర్రదీపం వెలుగుతుంది. పనిముగిసినట్లు కూత వినిపిస్తుంది. అధికారి నొక్కే మీటలు వేరొక పెట్టెలో, ఓటరు నొక్కే మీట వేరొక పెట్టెలో ఉండి, రెండింటి నడుమ అయిదు మీటర్ల తీగ ఉంటుంది. ఒకరి చెయ్యి మరొకరి మీటపై పడే అవకాశం లేదు. కోట్లాది మందిలో ఎవరు వచ్చి నిలబడతారో తెలియదు గనుక, వచ్చినవారందరికీ పనికివచ్చేటట్లు ఆలోచించి కట్టిన వాకిలి అది.

అయినా అందులోనూ ఒక లోపం మిగిలింది. చూపులేని ఓటరు ఏ మీట ఎవరిదో తెలియక మరొకరి సాయం కోరవలసి వచ్చేది. 2004లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో, హైదరాబాదు నగరంలోని ఆసిఫ్‌నగర్ శాసనసభ స్థానానికి జరిగిన ఉప ఎన్నికలో, ఓటు యంత్రంపై బ్రెయిలీ గుర్తులు పెట్టి మొదటిసారి ప్రయత్నించి చూశారు. తరువాత ఇతర రాష్ట్రాలలోనూ పరీక్షించి, వాడుకను విస్తరించారు. 1982కూ 2004కూ నడుమ 22 సంవత్సరాలు గడిచాయి. అంత గొప్ప సంస్థలు, అంత గొప్ప ఆలోచనతో చేసిన పలక కూడా ఒక చేతి స్పర్శను గుర్తించడానికి అన్నేళ్ళు పట్టింది. మన విద్యార్థులు మొదటిసారే పొరబడినందుకు వారిని నిందించరాదు. అయితే మనకు 22 సంవత్సరాలు అక్కరలేదు. ఒక వేసవి సెలవు చాలు.

చేయవలసినదేమి? మేము వడ్రంగిని అడిగి, విద్యార్థులతో కూర్చుని తెలుసుకొన్నంతవరకు చెబుతాము. పలకపై రంధ్రం తొలచక ముందు అట్టముక్కపై గీయాలి. ఆ అట్టను పెట్టెపై ఆనించి, పొడుగువారూ పొట్టివారూ, ఎడమచేతివాటం వారూ కుడిచేతివాటం వారూ వచ్చి చేతులు పెట్టి చూడాలి. వేళ్ళు సహజంగా ఎక్కడ వాలుతాయో అక్కడ పెన్సిలుతో చుక్క పెట్టాలి. వేళ్ళన్నీ ఒకే పొడవు ఉండవు గనుక ఆ చుక్కలు సరళరేఖపై పడవు, విల్లువలె వంగుతాయి. స్కేలుతో తిన్నగా గీసిన వరుస కంటికి అందంగా ఉంటుంది గాని మణికట్టుకు నొప్పి తెస్తుంది. ఆడే మీటలకు సాధారణంగా 28 లేక 30 మిల్లీమీటర్ల రంధ్రం చేస్తారు. తొలచే ముందే తన దగ్గరున్న మీటను కొలుచుకొనాలి. చెక్కలో రంధ్రం పెద్దదైతే పూడ్చలేము. మీటల ముందు అరచెయ్యి ఆనడానికి చోటు విడిచిపెట్టాలి. అంచును గుండ్రంగా అరగదీయాలి. లేకుంటే పావుగంటలో ముంజేతిపై గీత పడుతుంది. ఆట మొదలుపెట్టే మీటను మిగిలిన వాటికి దూరంగా ఉంచాలి. పోరు మధ్యలో వేలు జారి దానిపై పడకూడదు.

పలక ఎత్తు సంగతి మరొకటి. ఇప్పుడున్న ఎత్తు ఆ జట్టులోని ఆరడుగుల కుర్రవాని మోచేతికి సరిపోయింది. విద్యార్థినులు చాలామంది భుజాలెత్తి ఆడవలసి వచ్చింది. జట్టులో ఆడపిల్ల ఒక్కరైనా ఉండి ఉంటే ఈ పొరపాటు అట్టముక్క దగ్గరే తెలిసిపోయేది. పనిచేసే జట్టులో లేనివారు పలకపైన కూడా ఉండరు. ఇది కమిటీలకూ, సంఘాలకూ, ప్రభుత్వాలకూ వర్తించే మాటయే.

ఇక అసలు సమస్యకు పరిష్కారం చూడండి. ఎంత చిన్నదో ఆశ్చర్యం కలుగుతుంది. కడ్డీని పలక నడుమకు తెండి. దానికి కుడివైపున మూడు మీటలు, ఎడమవైపున మూడు మీటలు పెట్టండి. కుడివైపు మొదటి మీటా ఎడమవైపు మొదటి మీటా ఒకే పని చేయాలి. రెండవవి, మూడవవి కూడా అట్లాగే. మీట క్రింద ఉండేది ఒక చిన్న స్విచ్చి. దాని ఒక కొన ఉమ్మడి తీగకు, రెండవ కొన తన దారిలో కంప్యూటరుకు పోతుంది. ఒకే దారికి రెండు స్విచ్చిలను సమాంతరంగా కలిపితే దేనిని నొక్కినా పని జరుగుతుంది. ఇంటర్మీడియెట్ భౌతికశాస్త్రంలో సమాంతర సంధానం అని చదివి మార్కులు తెచ్చుకొన్నది ఇదే కదా! అప్పుడు ఆ వడ్రంగి పిల్లవాడు కుడి అరచేతితో కడ్డీని తోస్తూ, నిండుగా ఉన్న ఎడమచేతి వేళ్ళతో మీటలు నొక్కగలడు. ఎడమచేతివాటం పిల్లలకు ఇదే పలక పనికివస్తుంది. కుడిచేతివాటం వారికి పోయేదేమీ లేదు. నడుమ కడ్డీ, ఇరువైపులా మీటలు తొలినాళ్ళ యంత్రాలలోనూ ఉన్న పద్ధతే గనుక ఇది మేము కొత్తగా కనిపెట్టినదీ కాదు.

నష్టమే లేదని మేము అనము. ఆరు వేర్వేరు మీటలు కోరే పోరాటపు ఆటలు ఈ పలకపై పూర్తిగా ఆడలేము. అందుకు ఉపాయం, పలకను మేకులతో శాశ్వతంగా బిగించక నాలుగు బోల్టులతో విప్పి మార్చుకొనేటట్లు చేయడం. ఇప్పుడున్న పలకను పారవేయనక్కరలేదు; అది రెండవ పలక అవుతుంది. కాని మామూలుగా పెట్టెకు ఉండవలసినది అందరి పలక. కొందరి పలకను కోరినప్పుడు తెచ్చి బిగించుకోవచ్చు. ఇప్పటి లోకరీతి దీనికి తలక్రిందులుగా ఉన్నదని వేరే చెప్పాలా?

పలక క్రింద రెండు చిన్న సాకెట్లు, పాటలు వినే ఇయర్‌ఫోను దూర్చే 3.5 మిల్లీమీటర్ల రకానివి, పెట్టవలెనని మరొక సూచన. వాటికి బయటి నుండి పెద్ద మీటను గాని, కాలితో తొక్కే స్విచ్చిని గాని తగిలించవచ్చు. 2018లో మైక్రోసాఫ్ట్ సంస్థ అంగవైకల్యం గల ఆటగాళ్ళ కొరకు వెలువరించిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలరులో రెండు పెద్ద మీటలతో పాటు ఇట్టి సాకెట్లు 19 ఉన్నాయి. అంత పెద్ద సంస్థ చేసిన పని వెనుక సూత్రం ఇంత చిన్నది. కాలితో తొక్కడం మనకు వింతా కాదు. మన బజారులో కుట్టుమిషను ముందు కూర్చున్న ప్రతి దర్జీకీ తెలిసినదే.

“ఒక్క పిల్లవాని కొరకు ఇంత శ్రమా?” అని ఎవరైనా అడగవచ్చు. శ్రమ ఎంత? అదనంగా కొన్ని మీటలు, కొన్ని మూరల తీగ, ఒక పలక. ఇక ఒక్కని కొరకు అన్న మాట. ఆ ఒక్కని కొరకు మార్చిన పలక ఎడమచేతివాటం వారికీ, పొట్టివారికీ, వేళ్ళు బిగుసుకొన్న పెద్దలకూ పనికివచ్చిందని చూశాము. పైగా ఇది కేవలం దయ కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షనులో, ప్రభుత్వ నిధులు గాని గుర్తింపు గాని పొందిన విద్యాసంస్థలు వికలాంగ విద్యార్థులకు చదువుతో పాటు ఆటలలో, వినోదంలో కూడా ఇతరులతో సమానమైన అవకాశం కలిగించాలని ఉన్నది. చట్టం చేసినవారు ఆటను మరువలేదు. మనం మరువడం న్యాయమా?

కావున కమిటీ పెద్దలకు మా మనవి. ఆటల పెట్టెను తొలగించవద్దు. తరగతులు ముగిసిన తరువాత, నియమిత వేళలలో, అధ్యాపకుల ఎదుట ఆడనీయండి. నమాజు వేళ దానిని మూసివేయవచ్చు. బిళ్ళ వేసే రంధ్రం ఎన్నటికీ పెట్టనీయవద్దు. ఇతరుల ఆటలను అనుమతి లేకుండా నకలు చేసి ఎక్కించడం దొంగతనమేనని విద్యార్థులకు చెప్పి, తాము వ్రాసుకొన్న ఆటలను ఎక్కించమనండి. కొత్త పలకకు కావలసిన కొద్దిపాటి ఖర్చును ప్రయోగశాల పద్దులో మంజూరు చేయండి. ఒక్క షరతు మాత్రం పెట్టండి: పలక గీసే జట్టులో విద్యార్థినులూ, ఆ వడ్రంగి విద్యార్థీ ఉండి తీరాలి.

విద్యార్థులకూ ఒక మాట. రేపు మీలో కొందరు కార్ఖానాలలో యంత్రాల పలకలు గీస్తారు. కొందరు ఆసుపత్రి పరికరాలకు, కొందరు బ్యాంకు యంత్రాలకు, ఫోను తెరలకు మీటలు అమరుస్తారు. అప్పుడు మీ ముందు నమూనాలు చాలా ఉంటాయి. మనుషులు మాత్రం కనిపించరు. కనిపించని ఆ చేతులను తలచుకొనే అలవాటు ఇక్కడ, ఈ చెక్కపెట్టె దగ్గరే పడాలి.

ఈ సంచికను ఒక వైపు నుండి తెరిస్తే తెలుగు, మరొక వైపు నుండి తెరిస్తే ఉర్దూ. ఒకరికి మొదటి పుట అయినది మరొకరికి చివరి పుట. అయినా ఇది ఒకే పుస్తకం. ఇరువైపులా వాకిళ్ళున్న పుస్తకం. కుడిచేతివాటమూ ఎడమచేతివాటమూ రెండూ సరియైనవేనని ఇన్నేళ్ళుగా మన పత్రికయే చెబుతుండగా, మన పలక చెప్పలేకపోవడం ఏమి? హక్కు అనే మాట ఉర్దూ నుండి తెలుగులోకి వచ్చి ఇంటి మాటయైపోయింది. ఆ మాటను మనం రెండు లిపులలోనూ వ్రాయగలము. వచ్చే వార్షికోత్సవం నాటికి దానిని పలకపై కూడా వ్రాద్దాము. ఆ రోజు వరుసలో మొదట నిలబడి, మొదటి ఆట ఆడవలసినవాడెవరో మేము వేరుగా చెప్పనక్కరలేదు.